సూది తల ఎందుకు వంచింది

ఉదయం ఎనిమిదీ పదికి ల్యాబక్క చేసే మొదటి పని ఇనుప ముక్కలు లెక్కపెట్టడం. ఫిజిక్స్ ల్యాబ్ వెనక గదిలో గాజు తలుపుల బీరువా ఒకటుంది. దాని కింది అరలో ఏడు చెక్కపెట్టెలు. ఒక్కో పెట్టెలో రెండు కడ్డీ అయస్కాంతాలు, ఒకదాని తల దగ్గర ఇంకొకదాని కాళ్లు వచ్చేలా పక్కపక్కన పడుకుని ఉంటాయి. వాటి రెండు కొసల్నీ కలుపుతూ అడ్డంగా రెండు మెత్త ఇనుము ముక్కలు. ఆ ముక్కలు లేకపోతే అయస్కాంతాలు నెలలు గడిచేకొద్దీ బలం పోగొట్టుకుంటాయి. ఏడు పెట్టెలకు పద్నాలుగు ముక్కలు. పద్నాలుగూ కనబడ్డాకే ఆమె టీ తాగుతుంది.

ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి నిన్న చేరిన పిల్లల దాకా అందరూ ఆమెను ల్యాబక్క అనే అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ఆ పేరుతో పిలిస్తే తననే అని తెలియడానికి ఆమెకే కాస్త టైము పడుతుంది. చదువు పదో తరగతి. ఇరవై రెండేళ్ల వయసులో ల్యాబు ఊడ్చి తుడిచే పనిలో చేరింది. అప్పటి అటెండరు ఆమెకు వరసకు మేనమామ. "ఈ గదిలో ప్రతి వస్తువుకీ ఒక రోగం ఉంటుందే అమ్మాయ్. నువ్వు రోగం తెలుసుకో చాలు, పేర్లు పిల్లలే చెబుతారు," అని ఆయన మొదటిరోజే చెప్పాడు. కటకాల రోగం వేలిముద్రలు. తూనికరాళ్ల రోగం చేతి చెమట. పట్టకాల రోగం అంచులు పెచ్చులూడటం. అయస్కాంతాల రోగం మతిమరుపు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె ఈ రోగాలకు కాపలా కాస్తోంది. ఇప్పుడామె వయసు యాభై మూడు.

ఒక సోమవారం ఉదయం బీరువాకు ఒక కాగితం అంటించి ఉంది. వచ్చే గురువారం సామాన్ల తనిఖీ కమిటీ వస్తుందనీ, గడిచిన మూడేళ్లలో ఒక్కసారైనా వాడకానికి ఇవ్వని వస్తువులనూ, ఇచ్చినా పని చేయని వస్తువులనూ తీసేస్తారనీ అందులో ఉంది.

"ఏం చేయమంటారక్కా," అన్నాడు ఫిజిక్స్ హెడ్. మర్యాదస్తుడు. చెడ్డ కబురు చెప్పేటప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉంటాడు. "ఇప్పుడంతా సెన్సార్లు. పిల్లలు స్క్రీన్ మీదే కొలతలు చూసేస్తున్నారు. ఆ గది ఖాళీ అయితే పన్నెండు కంప్యూటర్లు పడతాయి."

ల్యాబక్క రిజిస్టరు తెరిచింది. ఐదు గడులు: తేదీ, వస్తువు, ఎవరు తీసుకున్నారు, ఏ పని నిమిత్తం, తిరిగి వచ్చిందా. బీరువాలో నలభై ఒక్క వస్తువులున్నాయి. వాటిలో ఏదీ బయటికి వెళ్లి ఆరేళ్లకు తక్కువ కాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్పింది. ఆమె భర్త టైలరు. ముందుగదే ఆయన దుకాణం. మెషీను పక్కన ఒక గుర్రపునాడా అయస్కాంతం వేలాడుతూ ఉంటుంది. కాలేజీలో ఎప్పుడో తీసేసిన సామాన్లలోంచి చీటీ రాయించుకుని తెచ్చింది అది. కింద పడిన గుండుసూదులు ఏరడానికి ఆయనకు పనికొస్తోంది. అత్తగారు మూల కుర్చీలో కూర్చుని చొక్కాలకు బొత్తాలు కుడుతుంది. ఎనభై దాటినా సూదిలోకి దారం తనే ఎక్కిస్తుంది, అడ్డొస్తే తిడుతుంది.

"మూడేళ్లలో ఒక్కసారి అంటున్నారుగా. ఒక్కసారి రాసెయ్," అన్నాడు భర్త నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

"ఎవరూ తీసుకోనిది తీసుకున్నట్టు ఎలా రాయను?"

"పెన్నుతో."

అత్తగారు బొత్తం మీంచి తలెత్తలేదు. "దీని సంగతి నీకు తెలియదా? మొన్న డాక్టరు టీలో చక్కెర ఎన్ని చెంచాలని అడిగాడు. నేను ఒకటి అంటున్నా. ఇది పక్కనుంచి రెండున్నర అంది. ఇదా రిజిస్టర్లో అబద్ధం రాసేది?"

"మూడే, అత్తయ్యా. మీ ముఖం చూసి రెండున్నరకి తగ్గించాను."

"అయితే పోనీ, పారెయ్యనివ్వు," అన్నాడు భర్త. "నీ పుట్టింటి సామానా, మా అమ్మ సామానా?"

"నా పేరెందుకురా మధ్యలో?"

 ల్యాబక్క, "ఆ బీరువా పోతే ఆ గదిలో నాకు పనేముంది చెప్పండి. వైర్ల మీద దుమ్ము దులపడమా?" అంది. భర్త నోట్లో సూదులు తీసి అయస్కాంతానికి అంటించాడు. 

మర్నాడు మంగళవారం రెండో గంటకు మెట్ల మాస్టారు ల్యాబుకొచ్చాడు. ఆయన ఇంగ్లీషు చెబుతాడు. వాళ్ల డిపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంది. ఎవరు ఏ విషయం ఎత్తినా చివరికి మెట్ల గురించి ఫిర్యాదు చేస్తాడు కాబట్టి ఆ పేరొచ్చింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆయన ల్యాబు గడప తొక్కడం ఇదే మొదటిసారి.

"అక్కా, ఒక దిక్సూచి ఇస్తారా? క్లాసులో చూపించాలి."

ల్యాబక్క రిజిస్టరు ముందుకు లాక్కుంది. పెన్ను మూత కిందపడింది. "ఏ పని నిమిత్తం సార్? రాయాలి."

"ఏం రాస్తారు... ప్రేమ నిమిత్తం అని రాస్తారా?"

"రాస్తాను. ముందు అర్థమయ్యేలా చెప్పండి."

మాస్టారు స్టూలు మీద కూర్చున్నాడు. ఈ టర్మ్‌లో నాలుగొందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు పద్యాలు చెబుతున్నాడు. వాటినిండా సైన్సే. అయస్కాంతం, దూరదర్శిని, ఒంట్లో రక్తం గుండ్రంగా తిరిగి రావడం, గాలి తీసేసిన గాజు బుడ్డి. అప్పట్లో అవన్నీ కొత్త వార్తలు. ఊరంతా వాటి గురించే మాట్లాడుకునేవాళ్లు కాబట్టి ప్రేమ ఉత్తరం రాయాలన్నా అవే గుర్తొచ్చేవి. "ఇప్పటి కుర్రాళ్లు నా గుండెకి సిగ్నల్ అందట్లేదు అని పాట కట్టరూ, అలాగే," అన్నాడు.

"అయితే ఇబ్బందేముంది?"

"ఇబ్బందల్లా ఎందుకమ్మాయి." క్లాసులో ప్రతిదానికీ ఎందుకు అని అడిగే పిల్లకు ఆయనే పెట్టిన పేరది. "ఒక పద్యం ఉంది. రాసినవాడెవరో తెలియదు, ఎవరి చేతిరాత పుస్తకంలోనో దొరికిందట. పన్నెండు లైన్లు. నేను నావలో సూదిని, అంటాడు. నీకు దూరంగా ఉన్నప్పుడు అడ్డంగా పడుకున్నాను, నీ ఊరు దగ్గరయ్యేకొద్దీ తల వంచుతున్నాను, నీ గుమ్మంలోకి వచ్చేసరికి నిలువునా నేలనే చూస్తాను, అంటాడు. మర్యాద, వినయం అని పదకొండేళ్లుగా చెబుతున్నాను. నిన్న ఆ పిల్ల లేచి, సార్, దిక్సూచిలో సూది పక్కకి తిరుగుతుంది కదా, తల ఎందుకు వంచుతుంది, అంది. నోరు మూతపడిపోయింది."

ల్యాబక్క దిక్సూచి ఇవ్వలేదు. బీరువా పై అరలోంచి గుడ్డ కప్పిన ఒక పరికరాన్ని రెండు చేతులతో దించి బల్ల మీద పెట్టింది. మూడు మరల మీద నిలబడ్డ ఇత్తడి చట్రం. దాని మీద నిలువుగా ఒక గుండ్రటి పలక, పలక చుట్టూ డిగ్రీల గీతలు.

"తల వంచేది అది కాదు సార్. దాని అక్క ఇది. డిప్ సర్కిల్ అంటారు. దిక్సూచి సూది పక్కలకే తిరగాలి, దాన్ని అలా కట్టేశాం. ఇందులో సూది పైకీ కిందికీ తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఉంటే అడ్డంగా పడుకుంటుంది. ఉత్తరానికి పోయేకొద్దీ తల వాలుస్తుంది. ఆ చివరికంటా పోతే నిలువునా నేలను చూస్తుంది. మీ ఆయన నిజంగానే ఉత్తరానికి ప్రయాణం చేస్తున్నాడు."

మాస్టారు పలక చుట్టూ తిరిగి చూశాడు. "అంటే అతను ఇది చూసి రాశాడు."

"చూడకుండా ఎలా రాస్తారు?"

"నేను చూడకుండానే పదకొండేళ్లు చెప్పాను," అన్నాడు మాస్టారు.

ల్యాబక్క చిన్న పెట్టెలోంచి సూది తీసి పలక మధ్యనున్న రాతి అంచుల మీద ఆనించింది. ఒక కొసన ఎర్రచుక్క. కూతురి గోళ్లరంగుతో ఎప్పుడో ఆమె పెట్టిందే. ఆ కొస ఉత్తరం. సూది ఎక్కడ వదిలితే అక్కడే ఆగిపోయింది. ఇరుసుకు తుప్పు, దానికి తోడు మతిమరుపు.

"మీకు ఇది ఎప్పటికి కావాలి?"

"ఆ పద్యాన్ని వచ్చే గురువారానికి మారుస్తాను. ఈలోపు మిగతావి చెప్పుకుంటాం. అక్కా, ఇంకేమున్నాయి ఇందులో?"

ఇద్దరూ బీరువా ముందు గంటసేపు నిలబడ్డారు. మాస్టారు పుస్తకం తిప్పుతూ పద్యాలు చెబుతుంటే ల్యాబక్క అరలు తిప్పుతూ వస్తువులు చెప్పింది. ఒక ఇత్తడి వలయాల గోళం దగ్గర మాత్రం ఆమె మొహమాటపడింది. "ఇది తప్పు సామాను సార్. మధ్యలో భూమిని పెట్టారు, సూర్యుడు దాని చుట్టూ తిరుగుతున్నాడు."

"అదే కావాలి. ఆకాశం అంటే ఒకదానిలో ఒకటి దూర్చిన గాజు గోళాలు, అవి తిరుగుతుంటే సంగీతం వస్తుంది అని అప్పటి వాళ్లు రాసుకున్నారు."

"అప్పటికి అది తప్పని తెలియదా?"

"చాలామందికి తెలుసు. అయినా వదల్లేదు. అందంగా ఉంది, ఉండనీ అనుకున్నారు."

ల్యాబక్క ఆ గోళాన్ని గుడ్డతో తుడిచింది. "పనికిరాదని తెలిసీ దాచుకున్నారన్నమాట. వాళ్లకి కమిటీ లేదు."

ఆ తర్వాత తొమ్మిది రోజులూ మూడో అంతస్తు మెట్ల మీద సామాన్ల ఊరేగింపు నడిచింది. మాస్టారే మోశాడు, మెట్లను తిడుతూనే మోశాడు. ఏ వస్తువూ రిజిస్టర్లో ఎక్కకుండా గడప దాటలేదు. ఏ పని నిమిత్తం అన్న గడిలో ల్యాబక్క మాస్టారు చెప్పిన సంగతినే తన మాటల్లో రాసింది. కుంభాకార కటకం: ఒకామె చూపు కాగితాన్ని కాల్చిందట, కాలుతుందో లేదో చూడటానికి. గాలి తీసే పంపు, గాజు బుడ్డి, గంట: ఆమె లేని గదిలో తన కేక వినబడదన్నాడు కాబట్టి. రబ్బరు గొట్టం, కవాటాలు: గుండె పంపింది గుండెకే తిరిగొస్తుందని చూపడానికి. దూరదర్శిని: చంద్రుడి మచ్చలు కొండలని చూపడానికి, పగలు పదకొండు గంటలైనందున ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టలు చూపబడ్డాయి. తిరిగి వచ్చిందా అన్న గడిలో ప్రతిసారీ వచ్చింది అని ఉంది. ఒక్క కటకం దగ్గర, వచ్చింది, మాస్టారి నోట్సులో ఒక పేజీ కాలింది, అని ఉంది.

"ఇంగ్లీషు వాళ్లు తగలబెట్టడం కూడా మొదలెట్టారటగా," అన్నాడు ఫిజిక్స్ హెడ్ కళ్లజోడు తుడుచుకోకుండా. అది మంచి గుర్తు.

డిప్ సర్కిల్ ఒక్కటే లొంగలేదు. రోజూ మధ్యాహ్నం ల్యాబక్క సూది ఇరుసును మెత్తని గుడ్డతో రుద్దేది, భూతద్దంలో చూసేది, మళ్లీ రుద్దేది. గుడ్డ భర్త ఇచ్చిన ఫ్లానెల్ ముక్క.

"ముప్పై ఏళ్లుగా సూదులతో కాపురం చేస్తున్నా. తుప్పు పట్టిన సూదిని ఎవడైనా పారేస్తాడు," అన్నాడాయన ఆ ముక్క కత్తిరిస్తూ.

"మీతో కాపురం చేస్తున్నానుగా, నాకు పారేయడం అలవాటు లేదు," అంది ఆమె. మూల కుర్చీలో అత్తగారు దారం కొరుకుతూ నవ్వింది.

బుధవారం సాయంత్రానికి ఇరుసు నున్నబడింది. ఇక మిగిలింది మతిమరుపు పోగొట్టడం. అంటే సూదిని పడుకోబెట్టి, రెండు కడ్డీ అయస్కాంతాలు చెరో చేత్తో పట్టుకుని, మధ్యలోంచి చెరో కొసకు లాగాలి. పదిసార్లు ఇటు, బోర్లించి పదిసార్లు అటు. దానికోసం ల్యాబక్క బల్లకు ఒక చెక్కదిమ్మె మరలతో బిగించి ఉంటుంది. సూది ఉత్తరం కొస ఎప్పుడూ ఆమె ఎడంచేతి వైపే వచ్చేలా అందులో గాడి చెక్కి ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా కిటికీకి ఎదురుగా కూర్చుని, ఎర్ర అయస్కాంతం కుడిచేత్తో, నల్లది ఎడంచేత్తో పట్టుకుని ఆమె ఎన్ని వందల సూదులకు జ్ఞాపకశక్తి తిరిగి తెప్పించిందో. ఆ పని చేసేటప్పుడు చేతులవైపు చూడదు. కబుర్లు చెబుతుంది.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు గది కొలతలు తీసుకునే మనిషి టేపుతో వచ్చాడు. బల్ల అడ్డంగా ఉందని దాన్ని ముందువెనకలు మార్చి గోడవైపు తిప్పేసి వెళ్లాడు. కమిటీ బీరువా మొదటి అర దగ్గర నిలబడి ఉంది. ల్యాబక్క ఒక చెవి అటే వేసి, బల్లకు ఇవతల మిగిలిన ఖాళీలో కూర్చుని, ఎర్రది కుడిచేత్తో, నల్లది ఎడంచేత్తో తీసుకుని పది ఇటు, పది అటు లాగేసింది. గంట కొట్టారు. సూది పెట్టె రొంటిన దోపుకుని, డిప్ సర్కిల్ ఎత్తుకుని మెట్లెక్కింది.

క్లాసులో ఇరవై ఆరుగురు. ఇనుప బెంచీలకు దూరంగా టీచరు చెక్కబల్లను లాగించింది. ముందు వరుస వాళ్ల ఫోన్లు, తాళంచెవులు వెనక బెంచీకి పంపించింది. మూడు మరలూ తిప్పి చట్రాన్ని సమంగా నిలబెట్టింది. గీతల మీదే చూపు పెట్టి సూది నిట్టనిలువుగా నిలిచేదాకా పలకను తిప్పింది, సూదిని వేలితో ఆపి పట్టుకుని అక్కణ్ణుంచి సరిగ్గా తొంభై డిగ్రీలు వెనక్కి తిప్పింది. "ఇప్పుడు పలక ఉత్తర దక్షిణాలుగా ఉంది. మాస్టారూ, పద్యం చదవండి," అంది.

మాస్టారు చదివాడు. తల వంచే చోటుకు వచ్చేసరికి ల్యాబక్క సూదిని వదిలింది. సూది ఊగింది, ఊగింది, నెమ్మదించింది. ఉత్తరం వైపు కిందికి వాలింది చుక్కలేని కొస. ఎర్రచుక్క దక్షిణం వైపు తిరిగి, తల పైకెత్తుకుని నిలబడింది.

"ల్యాబక్కా, ఈయన తల వంచలేదు. పైగా ముఖం తిప్పుకున్నాడు," అంది ఎందుకమ్మాయి.

"గొడవ పడ్డారేమో," అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. క్లాసు నవ్వింది. ఆ నవ్వులోనే తలుపు దగ్గర కమిటీ పెద్ద కనిపించాడు. ఆయన కామర్స్ మాస్టారు, మనిషి భారీ. మూడంతస్తులు ఎక్కడంతో మాట రావడం లేదు. ఒక చేతిలో లావుపాటి ఫైలు, చంకలో ల్యాబక్క రిజిస్టరు.

"డిప్ సర్కిల్," అన్నాడు ఊపిరి అందాక. "అరలో లేదు. ఇంగ్లీషు వాళ్లు తీసుకున్నట్టు రాశారు. సూది తల ఎందుకు వంచిందో చూడటానికి, అని ఉంది. అందుకని నేనే చూద్దామని వచ్చాను." పరికరం మీదికి వంగాడు. "వంచిందా?"

 మెట్ల మాస్టారు ల్యాబక్క పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. "ఒక కొస కిందికి వంగే ఉందిగా. అదే తల అనేద్దాం. ఆయనకేం తెలుస్తుంది?"

ల్యాబక్క తన రెండు చేతులూ ముందుకు చాపి కాసేపు చూసుకుంది. కుడి, ఎడమ. బల్ల తిరిగింది. దిమ్మె తిరిగింది. తను మాత్రం తిరగలేదు.

"వంచలేదు సార్," అంది కమిటీ పెద్దతో. "ఎర్రచుక్క ఉన్నది తల. అది పైకి పోయింది."

"అంటే పని చేయడం లేదు." ఆయన ఫైలు తెరిచి పెన్ను తీశాడు.

"సూది పని చేస్తోంది. తప్పు నాది. పొద్దున బల్ల తిరిగి ఉంది, నేను చూసుకోకుండా తిరగేసి రుద్దాను. సూదికి సొంత బుద్ధి ఉండదు సార్. తాకిన చెయ్యి ఎలా చెబితే అలా నిలబడుతుంది. నేను తలను తోక చేశాను, అది పాపం తోకలాగే పైకెత్తుకుంది."

బల్ల దగ్గర పుస్తకం మూసిన చప్పుడు, వెంటనే తెరిచిన చప్పుడు వినిపించాయి. మాస్టారు పద్యం చివర వేలు పెట్టి ఉన్నాడు.

"సార్, చివరి రెండు లైన్లు," అంది ఎందుకమ్మాయి. "పరీక్షలో రావు, వదిలెయ్యండి అన్నారే, అవి."

మాస్టారు చదివి, మెల్లిగా అర్థం చెప్పాడు. ఒకరోజు నీ గుమ్మంలో నేను తల ఎత్తుకుని, వెనక్కి తిరిగి నిలబడితే అది గర్వం అనుకోకు. మధ్యలో నన్ను తాకిన చేతిని అడుగు.

ఆ పేజీ అంచున ఆయన దస్తూరీతోనే పెన్సిలుతో "గర్వం?" అని రాసి ఉంది. పదకొండేళ్ల కిందటి ప్రశ్నార్థకం. ఆయన కుర్చీలో కూర్చుని దాన్ని రబ్బరుతో చెరిపాడు. "అతనికి ఇది కూడా తెలుసు," అన్నాడు. "తిరగేసి రుద్దితే ఏమవుతుందో కూడా చూశాడు. అక్కా, మీరు సరిగ్గా రుద్ది ఉంటే ఈ రెండు లైన్లూ నాకు రిటైరయ్యేదాకా అర్థమయ్యేవి కావు."

"అయితే తప్పు చేసినందుకు థాంక్స్ చెబుతున్నారా?" అంది ల్యాబక్క.

"పద్యం సంగతి సరే," అన్నాడు కమిటీ పెద్ద. చెడ్డవాడు కాదు, వరస తప్పనివాడు. "నా కాగితంలో పద్యం గడి లేదు. సూది తల వంచుతుందా, వంచదా?"

"ఐదు నిమిషాలివ్వండి. మీ ఫైలు కూడా ఇవ్వండి."

ఎందుకమ్మాయి పరుగున కిందికి వెళ్లి అయస్కాంతాల పెట్టె తెచ్చింది. కమిటీ ఫైలు మందంగా, గట్టిగా ఉంది. ల్యాబక్క దాని మీదే సూదిని పడుకోబెట్టింది. ఈసారి కబుర్లు చెప్పలేదు. ఎర్రచుక్క ఎటుందో చూసుకుంది, ఏ చేతిలో ఏది ఉందో చూసుకుంది, పైకే అనుకుంది కూడా. పది ఇటు, తిప్పి పది అటు. క్లాసు గట్టిగా లెక్కపెట్టింది. పద్నాలుగో లెక్క దగ్గర కమిటీ పెద్ద కూడా పెదాలు కదిపాడు.

"సార్, మీ వాచీ ఇనుపదా?"

ఆయన వాచీ తీసి వెనక బెంచీకి పంపాడు. తాళంచెవుల గుత్తి పంపాడు. కాస్త ఆలోచించి బెల్టు మీద చెయ్యి వేస్తే, "అది అక్కర్లేదు సార్," అంది ల్యాబక్క.

సూది ఊగింది. ఎర్రచుక్క ఉత్తరం వైపు వచ్చింది, నిదానంగా కిందికి దిగింది, ఒక గీత దగ్గర ఆగింది. ఎందుకమ్మాయి కన్ను దగ్గరగా పెట్టి చదివింది. "ఇరవై రెండు."

"ఉండాల్సింది ఎంత?" అన్నాడు కమిటీ పెద్ద.

"మా మేనమామ ఈ పెట్టె మూతలో ఇరవై రెండున్నర అని రాసి పెట్టాడు. అది ముప్పై ఏళ్ల కిందటి మాట. ఇన్నేళ్లలో భూమి కూడా కాస్త మారుతుంది సార్."

ఆయన నిలబడే రిజిస్టరు తిరగేశాడు. తొమ్మిది రోజుల పేజీలు. కాలిన నోట్సు దగ్గర ఒకసారి ఆగాడు. ఆరేసిన బట్టల దగ్గర ఆయన ముఖం ఎర్రబడింది, దగ్గు వచ్చినట్టు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "ఇవన్నీ నిజంగా జరిగాయా?"

"ఆ రిజిస్టర్లో జరగనిది రాయలేదు సార్. ఇవాళ్టి తప్పు కూడా రాస్తాను."

రాసింది. కమిటీ పెద్ద చూస్తుండగానే రాసింది: గురువారం, డిప్ సర్కిల్, ఇంగ్లీషు, సూది తల ఎందుకు వంచిందో చూడటానికి, మొదట నా పొరపాటున వంచలేదు, అదీ పద్యానికి పనికొచ్చింది, తిరిగి వచ్చింది.

సాయంత్రానికి కమిటీ కాగితం వచ్చింది. నలభై ఒక్క వస్తువుల్లో వాడకంలో ఉన్నవి, పని చేస్తున్నవి పద్దెనిమిది. అవి ఉంటాయి, వాటితో బీరువా కూడా ఉంటుంది. గదిలో కంప్యూటర్లు పన్నెండు కాదు, ఎనిమిది వస్తాయి. మిగతా ఇరవై మూడు వస్తువులకు టర్మ్ చివరిదాకా గడువు. అప్పటికీ ఎవరూ అడక్కపోతే తీసేస్తారు.

"ఇరవై మూడా," అన్నాడు మెట్ల మాస్టారు జాబితా చూసి. "ఈ తీగ సాగదీసే పరికరం మీద ఎవరు రాస్తారక్కా పద్యం?"

"వెతకండి సార్. అంతమంది ప్రేమించారు కదా, ఒక్కరైనా సాగి ఉంటారు."

ఇంట్లో భర్త మొత్తం విని, "పెన్నుతో అయితే ఒక్క నిమిషం పని. తొమ్మిది రోజులు చేశావు," అన్నాడు.

"పైగా తిరగేసి చేసింది," అంది అత్తగారు, టీలోకి మూడో చెంచా వేసుకుంటూ. "అయినా గట్టెక్కింది."

శుక్రవారం ఎనిమిదీ పదికి ల్యాబక్క బీరువా కింది అర తెరిచి ఇనుప ముక్కలు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. బల్ల కిందా, తన చీరకుచ్చిళ్ల దగ్గరా చూసింది. నిన్న క్లాసులో పెట్టె తెరిచాక పేజీ ఎగరకుండా ఏదో తీసి పుస్తకం మీద పెట్టుకున్న మాస్టారు గుర్తొచ్చాడు. టీ గ్లాసు మీద మూత పెట్టి, రిజిస్టరు చంకలో పెట్టుకుని, మూడో అంతస్తు మెట్లెక్కడం మొదలుపెట్టింది. ముక్కలు పదమూడే ఉన్నాయి.